ఒంటి తుమ్ము

లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినారు.
పత్తి బేళ్ళు, పైన పట్ట, పట్ట మీద తాడు,
కోయంబత్తూరు దాకా పోవల్లంట.
డ్రైవరు గేరు మార్చే యాలకి
నేను తుమ్మినా.
ఒక్కటే.

సావుకారు చెయ్యెత్తినాడు.
ఇంజను ఆగింది.
"ఎవురే అది, ఒంటి తుమ్ము తుమ్మింది?"
మేస్త్రీ నా తిక్కు చూసిన చూపు
ఇంకా ఈ మెడ మీదనే ఉండాది.
డ్రైవరుకు నీళ్ళు తెచ్చి తాపినారు.
సావుకారు కుర్చీ వేయించుకొని కూచున్యాడు.
ఐదు నిమిషాలు
ఆదోనిలో ఆ మిల్లు ముందర
గాలి కూడా అడుగెయ్యలేదు.

నాకు నవ్వొచ్చింది.
కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకున్యా.
పొద్దున ఏడు నుంచి లోపల
ముప్పైయారు మంది ఆడోళ్ళం
తుమ్మిన తుమ్ములు ఎవురు లెక్కబెట్టినారు?
ఒక్క బెల్టన్నా ఆగిందా?

మా నాగవేణి పసిబిడ్డప్పుడు తుమ్మితే
"నూరేండ్లు" అనేది మా అత్త.
రెండు తుమ్మితే ఇన్నూరా అని నేను అడిగేదాన్ని.
మిల్లులో ఎవురూ అనరు.
అంటే గనక, ఒక్క పూటకే
మాకు నాలుగు వేల ఏండ్లు అవుతాయి.

పత్తి నుసి నెత్తిన పడి పడి
మాపటికి అందరం ముసలోళ్ళమై ఇంటికి పోతాం.
నీళ్ళు పోసుకుంటే మళ్ళా వయసొస్తాది,
ముక్కుకు మాత్రం రాదు.
అది కారతానే ఉంటాది.
కొళాయి రాని మా వీధిలో
కారేది అదొక్కటే.

నాగవేణి ఏడో తరగతి.
రాత్రి పుస్తకం ముందరేసుకొని చెప్పింది.
ముక్కులోపల సన్న వెంట్రుకలుంటాయంట,
వాటి పక్కన జిగురంట,
వచ్చే గాలిని ఆపి సోదా చేస్తాయంట,
మార్కెట్ యార్డు గేటుకాడ బండ్లను ఆపినట్ల.
కానిదేదన్నా దొరికితే మెదడుకు కబురంట.
మెదడు చెప్తే రొమ్ము గాలంతా బిగబట్టి,
కండ్లు మూసి,
ఒక్క దెబ్బకు బయటికి ఊడ్చేస్తాదంట.
"పడిశెం పట్టినా అంతేమా,
పురుగు దూరకుండా ఒళ్ళు వాకిలి కడుగుతాది."
ఊడ్చినాక కళ్ళాపి అన్నమాట.
ఇది పాప చెప్పల్యా, నేనే అనుకున్యా.

ఇన్నాళ్ళూ దీన్నా నేను తిట్టింది?
పెండ్లిచూపుల్లో, సంతలో, బస్సులో
పరువు తీసే ముక్కని
కొంగుతో నలిపి నలిపి ఎర్రగా చేసింది?
కూలి అడక్కుండా కాపలా కాసేదాన్ని?

హుసేన్‌బీ తుమ్మదు.
ఇరవైతొమ్మిదేండ్లు అదే మిషను కాడ.
మూతికి గుడ్డ కూడా కట్టదు.
కొత్తోళ్ళు తుమ్ముతాంటే నవ్వుతాది.
"అలవాటు కావల్లమ్మే,
నా ముక్కు ఎప్పుడో ఊరుకునింది" అంటాది,
గొప్పగా.
నాకూ అట్ల అయితే బాగుండు అనుకునేదాన్ని.
పాపకు ఇదే చెప్పినా.
పాప పెన్సిలు కొరుక్కుంటా
"మరి ఆ నుసి యాడికి పోతాదిమా?" అనింది.

నేను లైటు ఆర్పినా.
రెండిండ్ల అవతల హుసేన్‌బీ దగ్గు
తెల్లారిందాకా తలుపు తడతానే ఉండాది,
లోపలి నుంచి.

ఈ పొద్దు గడప దాటతాంటే మళ్ళా తుమ్మినా.
ఒక్కటే.
"కూచో" అనింది మా అత్త.
"రెండోది వస్తే పో. రాకుంటే నీళ్ళు తాగి పో."
ఏడు కావస్తాంది.
ఆలిసమైతే మేస్త్రీ అరపూట కూలి కోస్తాడు.
మాది ఎట్లాగూ తుమ్మితే ఊడే ముక్కే,
సీజను అయిపోతే మేమెవురో ఆయనెవురో.
అయినా కూచున్యా.

రెండోది రావడంల్యా.
ముక్కు కొనన ఏదో కదిలినట్లయి
అణిగిపోయింది.
నీళ్ళ చెంబు పక్కన పెట్టి
పొద్దు తిక్కు మొగమెత్తి
కండ్లు చిట్లించుకొని
చూస్తాండా.